బొమ్మ ఒకటే, ఓటు వేరు

ఎన్.టి. రామారావు రాజకీయ జీవితం మీద తెలుగులో వచ్చిన రాతలు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషికి జనం ఓట్లేసి ముఖ్యమంత్రిని చేశారని. అభిమాని ఆ మాట గర్వంగా అంటాడు, ప్రత్యర్థి తేలిక చేసి అంటాడు. చెప్పే కారణం మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఇక మధ్యస్థంగా రాయాలనుకునేవాళ్లు రెండు పొగడ్తల పక్కన రెండు విమర్శలు పెట్టి సరిపెడుతుంటారు. అది తూకం అవుతుందేమో గాని నిష్పక్షపాతం కాదు. అసలు తేలాల్సింది ఆ విజయంలో సినిమా వాటా ఎంత, సినిమా కానిదాని వాటా ఎంత అన్నది. ఆంధ్రప్రదేశ్ లోపలే ఉండి ఈ లెక్క తేల్చడం కష్టం, ఎందుకంటే 1982లో అక్కడ రెండూ కలగలిసి ఒక్కసారే వచ్చి పడ్డాయి. ఆ సినిమాలు ఉండి, ఆ రాజకీయం లేని తెలుగు చోటు ఒకటి దొరికితే పోల్చి చూసుకోవచ్చు. అలాంటి చోటు బెంగాల్‌లో ఉంది. అది ఖరగ్‌పూర్.

ఈ రైల్వే ఊళ్లో తెలుగువాళ్లు ఎలా స్థిరపడ్డారో ముందు చూడాలి. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్దం చివరికల్లా ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసింది, ఆపైన అక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టింది. 1902లో కటకం నుంచి వాల్తేరు దాకా తూర్పు తీరం లైను కూడా అదే కంపెనీ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెలకీ ఖరగ్‌పూర్ కొలిమికీ మధ్య ఒకే కంపెనీ రైలు నడిచింది. కరువొచ్చినా, భూమి చాలకపోయినా ఆ రైలెక్కి వెళ్లినవాళ్లు అక్కడ ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, బాయిలర్ పనివాళ్లుగా కుదురుకున్నారు. ఒకరు కుదిరాక ఊళ్లో తమ్ముణ్ణో, బావమరిదినో పిలిపించుకున్నారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి చోట్ల రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. క్వార్టరు ఉద్యోగంతో వచ్చేది, రిటైరైతే ఖాళీ చేయాల్సిందే. అందుకే చాలా కుటుంబాలు రైల్వే హద్దు దాటి సొంత ఇళ్లు కట్టుకుని అక్కడే ఉండిపోయాయి. పనిలో బెంగాలీ, హిందీ, ఒడియా అన్నీ మాట్లాడినా ఇంట్లో మాత్రం సిక్కోలు యాసే. ఆ జనం ఎంతమందో, ఎంత కాలంగా ఉన్నారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చింది. ఆ నిర్ణయానికి వెనక ఉన్నది ముఖ్యంగా ఖరగ్‌పూర్.

ఈ ఊరికి తెలుగు సినిమా కొరత లేదు. సెలవు పెట్టి పాసు మీద స్వగ్రామం వెళ్లినవాళ్లు పలాసలోనో, శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో కొత్త బొమ్మ చూసి మరీ తిరిగొచ్చేవారు. 1980లో 'సర్దార్ పాపారాయుడు', 1981లో 'కొండవీటి సింహం', 1982లో 'జస్టిస్ చౌదరి', 'బొబ్బిలి పులి' అటు తెనాలిలో ఎంత తెలుసో ఇటు రైల్వే క్వార్టర్లలోనూ అంతే తెలుసు. ఇక రాజకీయం సంగతి. ఖరగ్‌పూర్ తెలుగు కార్మికుడి బతుకు ఎవరి చేతిలో ఉంది? జీతం, బోనస్, సెలవు, క్వార్టరు, కొడుకు ఉద్యోగం, అన్నీ రైల్వే చేతిలో, అంటే ఢిల్లీ చేతిలో. రేషను, బడి, మున్సిపాలిటీ కలకత్తా ప్రభుత్వం చేతిలో. హైదరాబాద్ సచివాలయంలో ఎవరు కూర్చున్నా ఆ కార్మికుడి నెలసరి ఖర్చు పైసా మారదు. కాబట్టి ఆ ఊళ్లో తెలుగు నాయకత్వం అంటూ ఏర్పడితే అది పనిచేసే చోటునుంచే పుట్టింది. బరంపురం తెలుగువాడు వి.వి. గిరి 1920ల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగారు. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె ఆ రోజుల్లో దేశంలోని పెద్ద కార్మిక పోరాటాల్లో ఒకటి. ఆయన్ను తర్వాత రాష్ట్రపతి భవన్ దాకా తీసుకెళ్లిన దారి అక్కడ మొదలైంది. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగి, ప్రభుత్వం దాన్ని అరెస్టులతో అణిచినప్పుడు రాష్ట్రపతిగా ఉన్నదీ ఆ గిరిగారే. రైల్వే కాలనీల్లో ఇలాంటి విషయాలు సినిమా కథల్లా మరిచిపోయేవి కావు.

ఇప్పుడు ఎన్నికలు చూద్దాం. 1982 మార్చి 29న హైదరాబాద్‌లో రామారావు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండా మే నెలలో బెంగాల్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఖరగ్‌పూర్ టౌన్ గెలిపించింది కాంగ్రెస్ నాయకుడు జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్‌ను. 'చాచా' అని ఊరంతా పిలిచే ఆ పంజాబీ పెద్దమనిషి అప్పటినుంచి 2011 దాకా వరుసగా గెలుస్తూనే వచ్చారు. ఆంధ్రలో కాంగ్రెస్‌ను రామారావు మట్టి కరిపించిన 1983లోనూ, ఆయన్ను గద్దె దించిన 1984లోనూ, మళ్లీ గెలిచిన 1985లోనూ ఆ సీటు కాంగ్రెస్ చేతిలోనే ఉంది. లోక్‌సభకు మేదినీపూర్ స్థానం నుంచి 1980లోనూ, 1984లోనూ వెళ్లింది సీపీఐ నాయకుడు నారాయణ్ చౌబే. 1984 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ తెలుగుదేశానికి 30 లోక్‌సభ స్థానాలిచ్చి పార్లమెంటులో దాన్నే పెద్ద ప్రతిపక్షం చేసింది. ఆ ఎన్నికలోనే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు ఉన్న నియోజకవర్గం ఎర్రజెండాను గెలిపించింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. బ్యాలెట్ పేపరు మీద తెలుగుదేశం సైకిల్ గుర్తే లేనప్పుడు ఎవరైనా ఎలా వేస్తారు? పైగా ఆ నియోజకవర్గాల్లో తెలుగువాళ్లు ఒక భాగమే. రహస్య ఓటులో భాషవారీ లెక్క ఉండదు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. ఖరగ్‌పూర్ ఒక్కటే చూపించి సినిమాకు ఓట్లు రావని తీర్మానించడం తొందరపాటు. కాని నేను అంటున్నది అంతకంటే చిన్న మాట. అభిమానం ఒక్కటే రాజకీయాన్ని కదిలించేదైతే, ఉన్న పార్టీల మీద, ముఖ్యంగా రామారావు తిట్టిపోస్తున్న కాంగ్రెస్ మీద, దాని నీడ కొంతైనా పడాలి. ఖరగ్‌పూర్ టౌన్ ఫలితాల్లో అలాంటి నీడ కనిపించదు. రెండు రూపాయలకు కిలో బియ్యం అని రామారావు ఇచ్చిన మాట పలాసలో ఉన్న అన్నకు ఇంటి పొయ్యి సంగతి. ఖరగ్‌పూర్‌లో ఉన్న తమ్ముడికి అది ఊరినుంచొచ్చిన కబురు. ఇద్దరూ చూసింది ఒకే 'బొబ్బిలి పులి'. ఒకరికి రేషను కార్డు హైదరాబాద్ ఇచ్చింది, ఇంకొకరికి ఇవ్వలేదు.

ఖరగ్‌పూర్ చెప్పలేనిది కర్ణాటక చెబుతుంది. 1983 జనవరి 5న ఆంధ్రప్రదేశ్‌తో పాటు కర్ణాటకలో కూడా పోలింగ్ జరిగింది. అక్కడా కాంగ్రెస్ ఓడింది. రామకృష్ణ హెగ్డే ఆ రాష్ట్రానికి తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి అయ్యారు. కన్నడిగులకు రాజ్‌కుమార్ లాంటి మహానటుడు ఉన్నా ఆయన ఎన్నికల్లో నిలబడలేదు. నటుడు లేకుండానే కాంగ్రెస్ పోయిందంటే, ఓటమికి మూలం ఆ పార్టీ చేతల్లోనే వెతకాలి. ఆంధ్రలో ఆ చేతలు కళ్లెదుటే ఉన్నాయి. 1978 ఎన్నికల్లో గెలిచిన పార్టీ అయిదేళ్లు నిండకుండా చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. ఆ మార్పులు ఢిల్లీలో జరిగాయి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం పత్రికలకెక్కింది. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదానికి గింజ అక్కడ పడింది. దాన్ని రామారావు సినిమా స్క్రిప్టులోంచి తీసుకురాలేదు.

అంతమాత్రాన సినిమాకు వాటా లేదనడం కూడా అన్యాయమే. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే 294 స్థానాల్లో 200కు పైగా గెలవడం మామూలు మనిషికి సాధ్యం కాదు. పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే, ఖాకీ బట్టల్లో దాని మీదకెక్కి ఆయన మాట్లాడేవారు. వేళాపాళా లేకుండా ఊరూరా తిరుగుతూ, స్నానం, తిండి రోడ్డు పక్కనే కానిచ్చేవారు. ఏ కొత్త నాయకుడైనా పిలిస్తే మీటింగుకు వందమంది వస్తారు. ఈయన కోసం అర్ధరాత్రి దాకా ఊరు ఊరంతా రోడ్డు మీద కాచుకునేది. జనాన్ని పిలవకుండా రప్పించే శక్తి, మైకులో ఒక్కో మాటా తూచి పలికే తెలుగు, ఆడవాళ్లు కూడా ఇల్లు వదిలి వచ్చి వినడం, ఇవి ముప్పై ఏళ్ల సినిమా ఇచ్చినవే. వచ్చిన జనానికి చెప్పడానికి ఒక విషయం ఉండాలి కదా. అది కాంగ్రెస్ ఇచ్చింది. సినిమా, విషయం ఈ రెండిట్లో ఏది తీసేసినా 1983 లేదు. సినిమా వాళ్లు పార్లమెంటుకు వెళ్లడం కూడా అప్పటికి కొత్త కాదు. కొంగర జగ్గయ్య 1967లోనే ఒంగోలు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. అయినా దాంతో రాష్ట్ర రాజకీయం కదల్లేదు.

ఇంకో అభ్యంతరం సాక్షాత్తూ ఖరగ్‌పూర్ నుంచే వస్తుంది. 2021లో ఖరగ్‌పూర్ సదర్ సీటును, అంటే పాత ఖరగ్‌పూర్ టౌన్‌ను, బీజేపీ తరఫున గెలిచింది బెంగాలీ సినిమా నటుడు హిరణ్ కాదా అని. గెలిచారు, నిజమే, నాలుగు వేల ఓట్లకు లోపు ఆధిక్యంతో. కాని ఆ పార్టీ అక్కడ గెలవడం అది మొదటిసారి కాదు. 2016లోనే దిలీప్ ఘోష్ చాచాను ఓడించి ఆ సీటు తెచ్చారు. 2019 ఉప ఎన్నికలో తృణమూల్ లాక్కుంది. 2021లో బీజేపీ తిరిగి తీసుకుంది. చేతులు మారుతున్న సీటులో నటుడి పేరు కొంత కలిసొచ్చి ఉండొచ్చు, లేని బలాన్ని మాత్రం పుట్టించలేదు. తెలుగు గడ్డ మీద చిరంజీవి అనుభవం ఇంకా స్పష్టం. 2008లో తిరుపతిలో ప్రజారాజ్యం ప్రకటించినప్పుడు ఆయనకున్న ఆదరణ ఎవరికీ తక్కువ కాదు. 2009లో వచ్చింది 18 సీట్లు. సొంత జిల్లా పాలకొల్లులో ఆయనే ఓడి, తిరుపతిలో నెగ్గారు. ఎదురుగా రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మీద 1982 నాటి కాంగ్రెస్ మీదున్నంత విసుగు జనంలో లేదు.

కాబట్టి రామారావు గురించి నిష్పక్షపాతంగా రాసేవాళ్లు ఆయన వేషాల దగ్గర కాక ఆయన ఉత్తర్వుల దగ్గర ఎక్కువసేపు ఆగాలని నా అభిప్రాయం. రెండు రూపాయల బియ్యం అమలు చేశారు. కరణం, మునసబు వ్యవస్థ ఎత్తేశారు. పాత తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చే చట్టం తెచ్చారు. దేశంలో చాలా రాష్ట్రాలకు ఆ హక్కు 2005 కేంద్ర చట్టం వచ్చేదాకా అందలేదు. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కు తగ్గించి లక్షల కుటుంబాల కోపం మూటగట్టుకున్నదీ ఆయనే. 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది ఆయన పాలనలోనే. వీటిలో ఏదీ రాముడి కిరీటంతో వివరించడానికి వీల్లేదు. 1989లో జనం తీర్పు చెప్పింది ఈ చిట్టా చూసే. తెలుగుదేశం 74 సీట్లకు పడిపోయింది. హిందూపురంలో గెలిచిన రామారావు కల్వకుర్తిలో చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడారు. ఓడిన మనిషి, ఏడేళ్ల కిందట ఊళ్లకు ఊళ్లు ఎదురు చూసిన మనిషి ఒక్కరే.

రెండు ఆగస్టు నెలల్ని పక్కపక్కన పెడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. రాష్ట్రం భగ్గుమంది, దేశంలోని ప్రతిపక్షాలన్నీ కదిలొచ్చాయి, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి. 1995 ఆగస్టులో ఆయన్ను కాదన్నది గవర్నరు కాదు, తన టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యేలు, తన కుటుంబం. అంతకు ఏడాది కూడా ముందు కాదు, 1994 డిసెంబరులో 216 సీట్లు ఒంటి చేత్తో గెలిపించుకొచ్చిన నాయకుడాయన. ఈసారి జనం 1984లోలా వీధుల్లోకి రాలేదు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు. మొదటిసారి అధికారం లాక్కున్నది ఢిల్లీ మనిషి అని అందరికీ తెలుసు, కనుక ఆత్మగౌరవం అన్న మాటకు అప్పుడు ప్రాణముంది. రెండోసారి అది ఇంటి పోరు, పార్టీ పోరు. తెరమీద రాముడి మీద జనానికున్న ప్రేమ ఆ పదకొండేళ్లలో ఏమీ తగ్గలేదు.