వర్గమూలం

భిలాయి ఉక్కు కాలనీలో ఐఐటీ పరీక్షకు చదివే తెలుగు పిల్లలు బడిలో ‘వర్గమూల్’ అని హిందీలో వింటారు. మన ‘వర్గమూలం’ అదే. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు సమచతురస్రాన్నీ, ఒకే సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చే ఫలాన్నీ ‘వర్గం’ అన్నాడు. మూలమంటే వేరు, మొదలు. చతురస్రానికి మొదలు దాని భుజం. 1150 నాటి ‘బీజగణితం’ గ్రంథంలో భాస్కరాచార్యుడు ధనసంఖ్యకు ధన, రుణ మూలాలు రెండూ ఉంటాయన్నాడు. అంటే 9కి మూలాలు 3, −3.

నేటి √ గుర్తు మాత్రం రుణం కాని మూలాన్నే చూపుతుంది. పిల్లలు తడబడేది ఇక్కడే. అ = −3 అయితే అ² = 9, √9 = 3. అది అ కాదు, −అ. అందుకే √(అ²) = |అ|. √(అ⁴) = అ² అని రాయడానికి ఆ నిలువు గీతలు అక్కర్లేదు. అ² ఎన్నడూ రుణం కాదు.

ఈ గీతలను 1841లో జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్ వాడాడు. తెలుగులో |అ|ను అ యొక్క ‘పరమ మూల్యం’ అంటాం. ‘మూల్యం’ కూడా ‘మూలం’ నుంచి పుట్టిందే. అర్థం తెలిసి గీత గీసిన విద్యార్థికి సూత్రం బట్టీ పట్టే పని ఉండదు.