తెల్లబట్ట అని కౌంటర్ దగ్గర ఎట్లా చెప్పాలి?

మా జఫర్‌గఢ్ పాతతరం ఆడవాళ్లకు మందుల షాపంటే అలమరలో ఉండే జిందా తిలిస్మాత్ సీసానే. 1920లో హైదరాబాద్‌లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన యునానీ మందు అది. నీలగిరి తైలం, కర్పూరం ఘాటు. జలుబు చేస్తే రుమాలు మీద రెండు చుక్కలు, కడుపునొప్పికి చాయ్‌లో రెండు చుక్కలు. మా అత్తమ్మకు దానిమీద అంత నమ్మకం ఎందుకంటే, నా లెక్కన, జబ్బేంటో ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు!

ఇంగ్లిష్ గోలీలు మన ధరకు దిగిరావడం తర్వాతి కథ. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు మనవాళ్లు చేసుకోవచ్చన్నమాట. బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అట్లా హైదరాబాద్ గోలీల ఊరైంది.

సరే, చౌకైంది. కానీ అడగాలి కదా? కౌంటర్ మీద మోచేతులు ఆనించి ముగ్గురు మగవాళ్లు ముచ్చట్లు పెడుతుంటే, తెల్లబట్ట అవుతోందని ఏ ఆడమనిషి చెప్తుంది? "కడుపునొప్పి" అంటుంది. కడుపునొప్పి గోలీ తెచ్చుకుంటుంది. అసలు బాధ అట్లనే ఉంటుంది.

చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వకూడదని చట్టం ఉంది. 2014 మార్చి నుంచి హెచ్1 జాబితా మందులకైతే రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. మంచి చట్టమే. అయితే చీటీ కావాలంటే బస్సెక్కి హనుమకొండ పోవాలి, ఆ రోజు కూలీ పోగొట్టుకోవాలి. అందుకే షాపతనే డాక్టర్ అయిపోతాడు. ఒకసారి మా పాప జ్వరానికి ఒక షాపులో స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి నాలుగు గోలీలు చేతిలో పెట్టారు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నేను అడిగి చూపించుకున్నాను, మీరూ అడగండి.

జనఔషధి షాపుల్లో 2019 నుంచి ప్యాడ్ ఒక్కోటి 1 రూపాయి. అక్కడా నల్ల కవర్లో చుట్టే ఇస్తారనుకోండి! నా మటుకు 2005 తర్వాత వచ్చిన ఆశా అక్కలే నయం. ఇంటి గడపలో కూర్చుని వాళ్లే అడుగుతారు, "నెలసరి సక్కగ అవుతోందా?" అని. ఆ ప్రశ్న కౌంటర్ అవతల నుంచి నేనెప్పుడూ వినలేదు.