పెరటిలోని ప్రమాదాలు : కుక్కపిల్ల చెప్పే చరిత్ర

కుక్కపిల్లను ఇంటికి తెచ్చినవారు మొదట పాముకూ తేలుకూ భయపడతారు. ఆ భయం సమంజసమైనదే. దాచేపల్లి వంటి పల్నాటి ఊళ్ళలో ముంగిట పరిచేదీ, గోడగా పేర్చేదీ నాపరాయే. ఆ పలకల సందులలోనికి తేళ్ళూ పాములూ చల్లదనం కోసం చేరతాయి. కనబడిన ప్రతి సందులోనూ మూతి దూర్చడం పిల్ల స్వభావం. అయితే ఈ గండం అనాదిగా ఉన్నదే. మనిషి తన అవసరం కొరకు తానే పెరటిలోనికి తెచ్చుకున్నవి వేరే ఉన్నాయి. అవి ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో వచ్చాయి.

వాటిలో పాతది సున్నం. ఈ ప్రాంతమంతా సున్నపురాతి నేల. పొరుగునున్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపొందినది. బట్టీలో కాల్చిన రాయిని తెచ్చి, గుంతలోనో గాబులోనో నీరు పోస్తే అది కుతకుత ఉడికి, పగిలి, తెల్లని ముద్ద అవుతుంది. నిప్పు లేకుండా ఇంత వేడి ఎక్కడిది? కాలేటప్పుడు రాయి నిప్పులోని ఏదో తీక్షణ పదార్థాన్ని పీల్చుకొని దాచుకొంటుందని పూర్వం రసాయనజ్ఞులు భావించేవారు. ఇది నిజం కాదని స్కాట్లాండు దేశీయుడైన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించిన ప్రయోగాలు తేల్చాయి. కాలిన రాయి బరువు తగ్గుతున్నది. అనగా అది దేనినో పుచ్చుకోవడం లేదు, పోగొట్టుకొంటున్నది. పోయినది బొగ్గుపులుసు గాలి. ఇప్పటి లెక్కలో 100 పాళ్ళ శుద్ధమైన సున్నపురాయి 44 పాళ్ళ వాయువును విడిచి, 56 పాళ్ళ పొడిసున్నంగా మిగులుతుంది. ఆ 56 పాళ్ళు 18 పాళ్ళ నీటితో కలిసేటప్పుడు పుట్టేదే ఆ వేడి.

కుక్కపిల్ల నాలుక తడి, కన్ను తడి, ముక్కు తడి. పొడిసున్నానికి కావలసినది తడియే. గాబులో జరిగే చర్య పిల్ల నోటిలో జరుగుతుంది. అందుచేత ఒంటిమీద పొడిసున్నం పడితే ముందు పొడిగుడ్డతో దులిపివేసి, ఆ తరువాతనే ధారాళంగా నీటితో కడగాలి. కొద్దిపాటి నీరు చిలకరించడం కీడే చేస్తుంది. కంట్లో పడితే మాత్రం ఆలస్యం లేకుండా నీటిధార పట్టి, పశువైద్యుని వద్దకు తీసుకొని పోవాలి. ఉడికిన సున్నం కూడా సాధువైనది కాదు, దాని క్షారగుణం దానికి ఉండనే ఉన్నది. గాబుకు బరువైన మూత ఒక్కటే ఉపాయం.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత పల్నాటి సేద్యం మారింది. పత్తి, మిరప విస్తరించిన కొలదీ పురుగుమందులు పొలం దాటి, ఇంటి వసారాలోనికీ, గొడ్ల చావిడిలోనికీ వచ్చాయి. ఎండ్రిన్ అనే మాట తెలుగు పల్లెలలో విషానికి మారుపేరైపోయింది. దానిని 1990లో నిషేధించారు. ఫోరేట్ గుళికలపై నిషేధం 2020 డిసెంబరు 31న గాని అమలులోనికి రాలేదు. నిషేధం కాగితం మీద పడిననాడే అటకమీది డబ్బా ఖాళీ కాదు. ఖాళీ డబ్బాను కడిగి నీళ్ళకు వాడుకొనే అలవాటు అన్నిటికంటె చెడ్డది. పిల్ల కొరికి ఆడుకొనేది అటువంటి డబ్బానే.

ఎలుకల మందు మరింత మాయదారిది. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. దానికి విరుగుడు లేదు. 1948లో అమెరికాలో ఎలుకల మందుగా వచ్చిన వార్ఫరిన్, ఆ జాతి మందులూ నెత్తురు గడ్డకట్టనీయవు. తిన్న పిల్ల రెండు మూడు రోజులు హుషారుగానే ఉండి, తరువాత లోలోపల నెత్తురు కారి కుంగిపోతుంది. దీనికి కె విటమిను విరుగుడు కలదు, కాని సకాలంలో అనుమానం రావాలి. విషం తిన్న ఎలుకను తిన్నా ప్రమాదమే.

ఉల్లిపాయ సంగతి చాలామంది నమ్మరు. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను చెరిపి పాండురోగం తెస్తుందని 1930లోనే అమెరికాలో సెబ్రెల్ ప్రయోగపూర్వకంగా చూపించాడు. వండినా ఆ గుణం పోదు. మిగిలిన పులుసు అన్నం పిల్లకు పెట్టడం దయ అనుకొనే ఇళ్ళు నేటికీ అనేకం.

కంటికి కనబడని శత్రువు 1978లో బయటపడింది. అంతకుముందు ఎరుగని పార్వోవైరసు రెండేళ్ళలో ప్రపంచమంతా వ్యాపించింది. వాంతులు, నెత్తురు విరేచనాలతో పిల్లలు కొద్దిరోజులలోనే చనిపోతాయి. ఇది ఒంటిలోనే కాదు, మట్టిలోనూ నెలల తరబడి బతుకుతుంది. ఒక పిల్ల చనిపోయిన పెరటిలోనికి ఆ దుఃఖం తీరడానికని వెంటనే మరొకదానిని తేవడం వలన అదీ చనిపోతుంది. ఇంటివారు దానిని దిష్టి అనుకొంటారు. మామూలు ఫినాయిలును నమ్ముకొనరాదు. దీనిని చంపేది క్లోరిను. చల్లారిన సున్నానికి క్లోరిను పట్టించి చేసే బ్లీచింగు పౌడరుకు 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నెంట్ హక్కు పొందాడు. అనగా పిల్ల నోరు కాల్చే సున్నమే ఇక్కడ దాని ప్రాణరక్షణకు పనికివస్తున్నది. అయితే పేడ, మట్టి ఉన్నచోట క్లోరిను బలం ఉడిగిపోతుంది. నాపరాతి నేలను ముందు శుభ్రంగా కడిగి, బ్లీచింగు నీరు పోసి, మళ్ళీ కడిగి ఆరనిస్తే ఫలితం ఉంటుంది. మట్టి పెరటికి అది చాలదు.

మట్టి పెరడు ఉన్నవారికి మిగిలిన దారి టీకాయే. ఆరు మొదలు ఎనిమిది వారాల వయస్సులో ప్రారంభించి, పదహారు వారాలవరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. ఇన్నిసార్లు ఎందుకనగా, తల్లినుండి వచ్చిన రక్షక పదార్థాలు ఉన్నంతవరకు అవి టీకాను పనిచేయనీయవు. అవి ఏనాటికి తరుగుతాయో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క లెక్క. పిచ్చికుక్క రోగానికి టీకా మూడవ నెలలో పడుతుంది. అంతవరకు వీధికుక్కలు దూరే సందులు మూసి, రాత్రి వాకిలి తలుపు గడియ పెట్టి ఉంచవలసినదే.