ఇంగ్లీషు వ్యాకరణము మన బడికి వచ్చిన కథ

దీపాలు పెట్టు వేళకు మన యిండ్లలో తరచుగా వినవచ్చు పాఠమొకటి కలదు. మనుష్యుని గాని, స్థలమును గాని, వస్తువును గాని తెలుపు పదము 'నౌన్' అని పిల్లవాడు ఇంగ్లీషులో వల్లించుచుండును. ఒకప్పుడు మేమును అట్లే వల్లించితిమి. ఎనిమిది భాషాభాగములను తడబడక ఒప్పజెప్పి మెప్పు పొందితిమి. ఒకనాడు తెలుగురాని పెద్దమనిషి యొకరు మా బడికి వచ్చి, "వాట్ డిడ్ యూ ఈట్ దిస్ మార్నింగ్?" అని మమ్ము అడిగిరి. 'ఈట్' అనునది క్రియ యనియు, దాని భూతకాలరూపము 'ఏట్' అనియు మాకు తెలియును. ఉదయము తిన్నది చద్దియన్నమని అంతకంటె బాగుగా తెలియును. అయినను నోట మాట రాలేదు.

ఈ లోపము పిల్లలది కాదు, ఉపాధ్యాయులది మాత్రమే కాదు. దీని మూలము ఆ వ్యాకరణము పుట్టిన చోటనే యున్నది.

ఇంగ్లండులో చాలకాలము వ్యాకరణమనగా లాటిను వ్యాకరణమే. అచటి 'గ్రామర్ స్కూలు' అను పేరు అట్లు వచ్చినదే. 1586లో విలియం బులొకార్ అను నాతడు ఇంగ్లీషునకు మొదటి వ్యాకరణమును ప్రకటించెను. తన భాషకును నియమములు కలవని చూపుట ఆతని కోరిక. అయితే ఆతడు లాటిను అచ్చులోనే ఇంగ్లీషును పోసెను. ఆ అచ్చు యొక్క గుర్తులు పలు తరములవరకు చెరగిపోలేదు. 1762లో రాబర్ట్ లౌత్ వ్రాసిన చిన్న వ్యాకరణము మహారచయితల వాక్యములలో సైతము తప్పులెంచి చూపినది.

ఇక లిండ్లీ మరే యను నాతని కథ వినదగినది. ఆతడు అమెరికాలో పుట్టి, న్యాయవాదియై, పిదప ఇంగ్లండులోని యార్కు నగర సమీపమున స్థిరపడెను. అచటి బాలికల పాఠశాల కొరకు ఆతడు వ్రాసిన వ్యాకరణము 1795లో వెలువడి, అట్లాంటికునకు ఇరువైపుల అసంఖ్యాకముగా అమ్ముడుపోయినది. 1797లో అభ్యాసముల పుస్తకమును చేర్చెను. అందు తప్పు వాక్యములుండును. వానిని విద్యార్థులు దిద్దవలెను.

ఇచట మనము ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. యార్కు బాలికలు ఊయలనాటినుండి ఇంగ్లీషు మాటాడినవారు. వారికి వ్యాకరణము మాటలాడుట నేర్పలేదు. వచ్చిన మాటను దిద్దినది. ఒప్పు వాక్యము చెవిని పడని బిడ్డకు తప్పు వాక్యమిచ్చి దిద్దుమనిన నేమి చేయగలడు?

మన దేశమున ఆ బిడ్డ యెవరో చూతము. మద్రాసు గవర్నరు మన్రో 1822లో పాఠశాలల లెక్కలు తీయించెను. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా వివరములు పంపెను. ఈయన 1816లోనే తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసినవాడు. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడపువి 235, తెలుగువి 226. ఇంగ్లీషు బడి ఒక్కటే. పిల్లలు అర్థము తెలియక పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన విచారించెను.

పిమ్మట 1835లో మెకాలే సూచనాపత్రము వచ్చినది. 1843లో మచిలీపట్నమున నోబిల్ దొర ఇంగ్లీషు పాఠశాల తెరచెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసినది. పరీక్షలు పెరిగినవి. నిర్వచనములకు మార్కులు వేయుట సులభము. మాటకు మార్కులు వేయుట కష్టము. 19వ శతాబ్దము చివర నెస్‌ఫీల్డు వ్యాకరణములును, 1930ల దశకమున రెన్, మార్టిన్‌ల గ్రంథమును ఇంటింటి పుస్తకములైనవి. అవి మంచి గ్రంథములే. కాని చిలుకపలుకులు పోవలెనని తెచ్చిన చదువులో చిలుక మరల వచ్చి కూర్చున్నది. ఈసారి అది పద్యము గాక నిర్వచనము పలికినది.

తెలుగు బిడ్డ కష్టము వేరు. మనము "బల్ల మీద" అందుము. ఇంగ్లీషువారు 'మీద'ను ముందుంచి 'బల్ల'ను వెనుకకు త్రోయుదురు. మన క్రియ వాక్యము చివర కూర్చుండును. వారిది నడుమనే నిలుచును. 'ఎ', 'ద' అను చిన్నమాటలకు మనకు సరియైన జోడు లేదు. నామవాచకమునకు 'స్' చేర్చిన బహువచనము. క్రియకు చేర్చిన ఏకవచనము. 'డిడ్' వచ్చినచో 'ఏట్' మరల 'ఈట్' అగును. మమ్ము నాడు మూగవారిని చేసినది ఈ చిక్కే. ఇవి యార్కు బాలికలకు చిక్కులే కావు గనుక వారి పుస్తకములలో వీనికి తగిన చోటు లేదు.

20వ శతాబ్దమున ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తించిరి. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ నెలకొన్నది. నియమము కంటె ముందు వాక్యమును, వస్తువును చేతబట్టి చూపుచు, ఒక్కొక్క వాక్యరూపమునే నేర్పు పద్ధతి ఆ కాలమున వ్యాపించినది. అదియు కొన్నిచోట్ల పుస్తకము చూపి "దిస్ ఈజ్ ఎ బుక్" అని నూరుసార్లు పలికించుటగా మారినది. 1979 నుండి 1984 వరకు ప్రభుగారు దక్షిణదేశపు కొన్ని బడులలో మరియొక మార్గము పరీక్షించిరి. పటములు, రైళ్ల వేళల పట్టికలు ఇచ్చి, సమస్యను ఇంగ్లీషులో సాధింపజేసి, వ్యాకరణము దానంతట అది పట్టుబడునా యని చూచిరి.

వ్యాకరణము వలదని మా యభిప్రాయము కాదు. అది తరువాత రావలెనని మాత్రమే. రేపు సాయంకాలము ఒక చెంచాను పళ్ళెము క్రింద దాచి, "వేర్ ఈజ్ ద స్పూన్?" అని బిడ్డను అడుగుడు. "అండర్ ద ప్లేట్" అని వెదకి తీసి చెప్పనిండు. మరల గిన్నెలో దాచుడు, చాప మీద ఉంచుడు. నాలుగు దినముల పిదప, 'క్రింద' అను మాట మనకు వెనుకను వారికి ముందును ఏల వచ్చుచున్నదని అడుగుడు. బిడ్డ తానే చెప్పినచో, అదియే వాని మొదటి వ్యాకరణ పాఠము. దానిని వల్లింపజేయ నవసరముండదు.