ఫ్లై కాస్టింగ్ పోటీ

ఫ్లై కాస్టింగ్ పోటీ అనగా ఫ్లై ఫిషింగ్ అనే గాలపు వేటకు అవసరమైన విసురు నైపుణ్యాన్ని, చేపను పట్టకుండానే పరీక్షించే క్రీడ. ఇందులో ముల్లు లేని కృత్రిమ ఈగను నిర్ణీత లక్ష్యం పైకి గానీ, సాధ్యమైనంత దూరానికి గానీ విసురుతారు. అంతర్జాతీయ స్థాయి పోటీలతో పాటు, క్లబ్బు సభ్యుల మధ్య స్నేహపూర్వకంగా కూడా ఈ క్రీడ జరుగుతుంది. నీటిలో చేపలు లేకపోయినా, అసలు నీరే లేకపోయినా, గడ్డి మైదానంలో దీనిని నిర్వహించవచ్చును. కనుక ట్రౌట్ వంటి చల్లని నీటి చేపలు బ్రతకలేని దక్కను నగరాలకు కూడా ఇది అనువైన క్రీడ. ఈ వ్యాసంలో హైదరాబాదు పశ్చిమ భాగాన గల రాయదుర్గం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, క్లబ్బు స్థాయి పోటీ నిర్వహణ వివరించబడింది.

విసురు విధానం

సాధారణ గాలపు వేటలో ఎర, బెండు, సీసపు గుండు బరువు వల్ల దారం ముందుకు పోతుంది. ఫ్లై ఫిషింగులో ఇది తారుమారుగా ఉంటుంది. ఈకలు, ఉన్ని, దారంతో కట్టిన కృత్రిమ ఈగకు చెప్పుకోదగిన బరువు ఉండదు. బరువంతా లైను అని పిలిచే లావుపాటి దారంలోనే ఉంటుంది. కర్రను వెనుకకు ఊపి ఆపినపుడు లైను గాలిలో ఉచ్చులా వంగి వెనుకవైపు చాచుకుంటుంది. అది పూర్తిగా చాచుకునే వరకు క్షణకాలం ఆగి, తిరిగి ముందుకు ఊపి ఆపాలి. అపుడు వంగిన కర్ర నిటారు అవుతూ లైనును ముందుకు పంపుతుంది. లైను చివర సన్నని లీడరు, దాని చివర ఈగ నెమ్మదిగా నీటిపై వాలుతాయి.

కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు బలాన్ని ఉపయోగించడం. వెనుక లైను చాచుకోకముందే కర్రను ముందుకు లాగితే కొరడా చప్పుడు వచ్చి ఈగ తెగిపోతుంది. ఈ క్రీడలో కండబలం కంటే సమయ జ్ఞానం ముఖ్యం. అందువల్ల పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఒకే పోటీలో పాల్గొనగలరు.

చరిత్ర

కృత్రిమ ఈగతో చేపలు పట్టడాన్ని గూర్చిన తొలి వర్ణనలలో ఒకటి రోమను రచయిత ఈలియన్ రచనలో కనిపిస్తుంది. సుమారు సా.శ. 200 నాటి ఆ గ్రంథంలో, మాసిడోనియా ప్రజలు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, దానికి కోడి ఈకలు అమర్చి నదిలో చేపలు పట్టేవారని ఉన్నది. 1653లో ఇంగ్లాండులో ఐజాక్ వాల్టన్ ప్రచురించిన గ్రంథం గాలపు వేటను వినోదంగా ప్రసిద్ధి చేసింది.

గాలపు వేటను వినోదంగా భావించడం దక్కనుకు కొత్త కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసము అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదం అనే భాగం ఉన్నది. గాలపు వేట సాధనాలు, చేపల రకాలు, వాటికి వేయవలసిన ఎరలు అందులో చర్చించబడ్డాయి. మత్స్య శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని పరిశీలించి వ్యాసం ప్రచురించాడు. సోమేశ్వరుని రాజధాని కళ్యాణి నేటి కర్ణాటకలోని బీదరు జిల్లాకు చెందిన బసవకల్యాణ్.

బ్రిటిషు పాలనా కాలంలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటపై 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథాన్ని ప్రచురించాడు. తరువాతి దశాబ్దాలలో కాశ్మీరు, నీలగిరులు, మున్నారు వంటి చల్లని ప్రాంతాలలో ట్రౌట్ చేపలను ప్రవేశపెట్టడంతో అక్కడ ఫ్లై ఫిషింగ్ స్థిరపడింది.

విసురును విడిగా ఒక క్రీడగా ఆడడం 19వ శతాబ్దంలో ఇంగ్లాండు, అమెరికాలలో పెరిగింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో 1938లో ప్రత్యేకంగా విసురు కొలనులు నిర్మించబడ్డాయి. అంతర్జాతీయ కాస్టింగ్ సమాఖ్య 1955లో ఏర్పడింది. చేపలను పట్టి విడిచిపెట్టే ప్రపంచ ఫ్లై ఫిషింగ్ పోటీలు 1981లో లక్సెంబర్గులో మొదలైనాయి. ఇవి విసురు పోటీలకు భిన్నమైనవి.

చేపల పోటీ, నైపుణ్య పోటీ

క్లబ్బు పోటీ అనగానే ఎవరు పెద్ద చేపను పట్టితే వారే విజేత అనే పద్ధతి ముందుగా గుర్తుకు వస్తుంది. దక్కను చెరువులలో ఈ పద్ధతికి మూడు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది అదృష్టం. చేప ఉన్న చోట నిలబడినవాడు గెలుస్తాడు గానీ, చక్కగా విసిరినవాడు గెలుస్తాడన్న నియమం లేదు.

రెండవది చేప ప్రాణం. నీరు వేడెక్కే కొలదీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. మురుగునీరు కలిస్తే ఇంకా తగ్గుతుంది. గాలానికి చిక్కి పెనుగులాడి అలసిన చేపను తూకం కోసం బయట ఉంచి, అటువంటి నీటిలోకి తిరిగి వదిలినా అది బ్రతుకుతుందన్న భరోసా ఉండదు.

మూడవది జీవనోపాధి. తెలంగాణలోని అనేక చెరువులలో చేపల పెంపకం, వేట హక్కులు స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటాయి. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ వంటి చేపల పిల్లలను చెరువులో వదిలి, అవి పెరిగే వరకు ఎదురుచూసేది వారే. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించబడిన కొర్రమీను కూడా వారికి మంచి ధర తెచ్చే చేప. వినోదం కోసం జరిపే పోటీ వారి పంటకు నష్టం కలిగించరాదు.

ముల్లు లేని ఈగతో జరిపే నైపుణ్య పోటీలో ఈ మూడు ఇబ్బందులూ ఉండవు. అయినప్పటికీ చెరువు ఒడ్డున పోటీ జరపదలచినచో చెరువును నిర్వహించే సంస్థ అనుమతి తీసుకొని, మత్స్యకారుల సంఘానికి ముందుగా తెలియజేయడం అవసరం. చేతిలో కర్ర చూసినవారు దొంగవేటగా భావించే అవకాశం ఉన్నది.

రాయదుర్గం పరిసరాలు

రాయదుర్గం రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలానికి చెందిన ప్రాంతం. అనంతపురం జిల్లాలోని రాయదుర్గం పట్టణం వేరు. 1998లో సమీపాన సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం వేగంగా మారినది. 2019 నవంబరు 29న రాయదుర్గం మెట్రో స్టేషను ప్రారంభమైనది.

దగ్గరలోని దుర్గం చెరువు కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీరు అందించినది. నల్లరాతి గుట్టల మధ్య మరుగున ఉండడం వల్ల దీనికి రహస్య సరస్సు అనే పేరు కూడా కలదు. 2020 సెప్టెంబరులో దీనిపై తీగల వంతెన ప్రారంభించబడింది. చెరువు చుట్టూ నడకదారులు, జనసంచారం ఉండడం వల్ల వెనుకవైపు 15 మీటర్ల వరకు లైను చాచుకునే విసురు పోటీకి ఒడ్డున తగిన చోటు దొరకడం కష్టం. కనుక ఇటువంటి ప్రాంతంలో పాఠశాల లేదా కార్యాలయ ప్రాంగణంలోని గడ్డి మైదానమే మేలు. రాతి నేల, తారు రోడ్డు, సిమెంటు నేలలపై లైను పైపూత త్వరగా అరిగిపోతుంది.

హైదరాబాదులో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పోటీకి అనుకూలమైన కాలం. గాలి తక్కువగా ఉండే ఉదయపు వేళ మంచిది.

పరికరాలు

- కర్ర: 9 అడుగుల పొడవు గల 5వ నంబరు కర్ర అందరికీ అనువైనది. పోటీదారులందరూ క్లబ్బుకు చెందిన ఒకే కర్రను వాడితే ఖరీదైన కర్ర గలవారికి లాభం కలగదు.
- లైను: లైన్ల నంబరు వాటి మొదటి 30 అడుగుల బరువును బట్టి నిర్ణయించబడుతుంది. 5వ నంబరు లైనుకు ఈ బరువు సుమారు 9 గ్రాములు. కర్ర నంబరు, లైను నంబరు ఒకటే ఉండాలి.
- లీడరు: సుమారు 9 అడుగుల నైలాను దారం. దీని మొదలు లావుగా, చివర సన్నగా ఉంటుంది.
- ఈగ: ముల్లు పూర్తిగా కత్తిరించిన ఈగ, లేదా ఎర్రని ఉన్ని కుచ్చు. ఎరుపు రంగు గడ్డిపై న్యాయనిర్ణేతలకు స్పష్టంగా కనిపిస్తుంది.
- లక్ష్యాలు: సుమారు 75 సెంటీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ వలయాలు ఐదు.
- కొలత టేపు, గడియారం, విజిల్, నమోదు పత్రాలు.

పోటీ అంశాలు

లక్ష్య విసురు: పోటీదారుడు నిలబడే గీత నుండి 6, 8, 10, 12, 14 మీటర్ల దూరాలలో వలయాలు ఉంచుతారు. అవి ఒకే వరుసలో కాక కొంచెం అటూ ఇటూ ఉండాలి. ఒక్కొక్క వలయానికి రెండు విసురులు. గాలిలో లైనును ముందుకు వెనుకకు ఆడించి దూరం సరిచూసుకోవచ్చును గానీ, ఈగ నేలను తాకితే అది ఒక విసురుగా లెక్కించబడుతుంది.

దూర విసురు: మూడు విసురులలో ఉత్తమమైనదానిని కొలుస్తారు. లైను చివరను కాక ఈగ పడిన చోటును కొలవాలి. హద్దు గీతల బయట పడిన విసురు చెల్లదు.

రోల్ విసురు: వెనుక చెట్లు ఉన్నపుడు లైనును వెనుకకు చాచకుండా ముందుకు దొర్లించే పద్ధతి. దీనికి నీటి ఉపరితలం లైనును కొంత పట్టి ఉంచాలి. గడ్డిపై ఆ పట్టు లభించదు. అందువల్ల కొలను లేనపుడు ఈ అంశాన్ని విడిచిపెట్టడం మంచిది.

ముళ్ళు వేయడం: లీడరుకు ఈగను కట్టడం, రెండు దారాలను కలపడం వంటివి నిర్ణీత సమయంలో చేయాలి. ముడిని లాగి చూసి, జారకపోతేనే మార్కులు ఇస్తారు. విసురులో వెనుకబడిన సభ్యులు ఇందులో ముందుండవచ్చును.

మార్కుల విధానం

క్లబ్బులు తమకు అనువైన పద్ధతిని ఎన్నుకోవచ్చును. లక్ష్య విసురుకు ఒక నమూనా ఈ విధంగా ఉంటుంది.

- ఈగ వలయం లోపల లేదా అంచుపై పడితే 5 మార్కులు.
- అంచు నుండి అర మీటరు లోపు పడితే 2 మార్కులు.
- అంతకు మించిన దూరంలో పడితే మార్కులు లేవు.

ఐదు వలయాలకు రెండేసి విసురుల చొప్పున గరిష్ఠంగా 50 మార్కులు. ఇద్దరికి సమానంగా వస్తే 14 మీటర్ల వలయానికి ఒక్కొక్క విసురు చొప్పున, తేడా వచ్చే వరకు కొనసాగిస్తారు.

క్లబ్బులో అనుభవజ్ఞులు, కొత్తవారు కలిసి ఉంటారు. ఏటా ఒకరే గెలిస్తే మిగిలినవారు పోటీకి రావడం మానివేస్తారు. దీనికి పరిష్కారంగా మొత్తం మార్కులకు ఒక బహుమతి, పెరిగిన మార్కులకు మరొక బహుమతి ఇవ్వవచ్చును. ఉదాహరణకు మూడు సాధనలలో సగటున 41 మార్కులు తెచ్చుకున్న సభ్యునికి పోటీలో 43 వస్తే పెరుగుదల 2. సగటున 14 తెచ్చుకున్న సభ్యునికి 23 వస్తే పెరుగుదల 9. మొదటి బహుమతి 43 మార్కుల వానిది, రెండవది 23 మార్కుల వానిది. సాధన మార్కులు పోటీకి ముందే అందరికీ తెలియజేయకపోతే తరువాత వివాదాలు వస్తాయి.

నిర్వహణ క్రమం

1. తేదీ, స్థలం నిర్ణయించి అనుమతి తీసుకోవడం.
2. నియమాలను వ్రాతపూర్వకంగా కనీసం ఒక వారం ముందు సభ్యులకు అందజేయడం.
3. కొత్తవారికి ఒకటి రెండు సాధన తరగతులు నిర్వహించడం.
4. పోటీ రోజున దూరాలు కొలిచి గీతలు గీయడం, వరుస క్రమానికి చీట్లు వేయడం.
5. ఒక్కొక్క వరుసకు ఇద్దరు న్యాయనిర్ణేతలను నియమించడం. ఒకరు గీత వద్ద, మరొకరు లక్ష్యాల పక్కన ఉంటారు.
6. ఫలితాలను అక్కడే చదివి వినిపించి, అభ్యంతరాలు విన్న తరువాత బహుమతులు ఇవ్వడం.

ఒక్కొక్కరికి 4 నిమిషాల చొప్పున 20 మంది సభ్యులకు 80 నిమిషాలు పడుతుంది. రెండు వరుసలు ఏర్పాటు చేస్తే లక్ష్య విసురు 40 నిమిషాలలో పూర్తవుతుంది. ఇందుకు రెండవ వరుసకు కూడా అదే రకం కర్ర, లైను కావాలి. తమ వంతు ముగిసిన సభ్యులు న్యాయనిర్ణేతలుగా వ్యవహరించడం చిన్న క్లబ్బులలో సాధారణం.

భద్రత

ముల్లు లేకపోయినా వేగంగా వచ్చే లైను కంటికి ప్రమాదకరం. పోటీదారులు, న్యాయనిర్ణేతలు కళ్ళద్దాలు, టోపీ ధరించాలి. పోటీదారుని వెనుక 15 మీటర్ల మేర ఎవరూ నడవకుండా తాడు కట్టాలి.

నేటి కర్రలు ఎక్కువగా కార్బను పీచుతో తయారవుతాయి. కార్బను విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కనుక విద్యుత్ తీగల క్రింద గానీ, సమీపాన గానీ పోటీ జరపరాదు. ఉరుము వినిపించిన వెంటనే కర్రలు క్రింద పెట్టి సభ్యులు భవనంలోకి వెళ్ళాలి.

పోటీ ముగిసిన తరువాత తెగిన నైలాను ముక్కలన్నిటినీ ఏరివేయాలి. అవి పక్షుల కాళ్ళకు చుట్టుకొని ప్రాణాపాయం కలిగిస్తాయి.

ఇవి కూడా చూడండి

- గాలం
- ఫ్లై ఫిషింగ్
- మానసోల్లాసము
- దుర్గం చెరువు
- రాయదుర్గం (శేరిలింగంపల్లి)
- కొర్రమీను