గోడ మీద మళ్ళీ మా బడి పేరు

వడపళనిలో ఇప్పుడు మాల్, ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉండేది. మా తాత వయసులో ఉన్నప్పుడు అక్కడ లైట్ బాయ్‌గా పనిచేశాడు. ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా "ఈడే రా మా ఫ్లోరు ఉండేది" అని చెయ్యి చూపిస్తాడు. ఈ వ్యాసం రాయడానికి ఆయన అడిగిన ఒక ప్రశ్నే కారణం.

ఈ ఏడాది వార్షికోత్సవానికి మేము నలుగురం కలిసి ఒక చిన్న వీడియో తీశాం. మా బడి ముందు గోడ మీద ఒకప్పుడు పెద్ద తెలుగు అక్షరాలతో బడి పేరు ఉండేది. ఒకసారి సున్నం వేసినప్పుడు అది పోయింది, మళ్ళీ రాయించలేదు. పాత ఫోటో ఒకటి మాత్రం మిగిలింది. ఫోన్ పట్టుకుని గేటులోంచి నడిచి వస్తుంటే ఆ పేరు మళ్ళీ గోడ మీద కనబడాలని మా ఆలోచన. ఫోటోలోని అక్షరాలను కత్తిరించి వీడియో మీద పెట్టాం. చూస్తే అక్షరాలు గోడ మీద నిలబడలేదు, నీళ్ళలో కాగితంలా అటూ ఇటూ జారాయి.

తాతకు చూపించాను. "ఏం రా, పేరు ఈదతా ఉండాది?" అని నవ్వాడు. తరువాత అడిగాడు: "మా కాలంలో ట్రిక్ షాట్ అంటే కెమెరాను ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మీరెందుకు కదిపినారు?"

ఆయన అన్నది నిజమే. ఈ విద్య మొదలైందే కదలని కెమెరాతో. 1898లో ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ తన తలను తానే తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ కొత్త తల మొలిపించుకునే చిన్న సినిమా తీశాడు. వెనక నల్లగా ఉంచి, ఒకే ఫిల్మును వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ తీయడమే అందులో రహస్యం. మధ్యలో కెమెరా కొంచెం జరిగినా తల ఒక చోట, మెడ ఒక చోట పడతాయి.

మన వాళ్ళు ఈ పనిలో చాలా గొప్పవాళ్ళు. 1957లో వచ్చిన మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రాహకుడు. ఘటోత్కచుడు పెళ్ళి వంటకాలు తినే చోట లడ్లు వాటంతట అవే ఎగిరి ఎస్.వి. రంగారావు నోట్లోకి పోతాయి. నేను ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈసారి లడ్లను కాకుండా వెనక ఉన్న సెట్టును చూశాను. వింత జరిగే క్షణంలో చాలావరకు కెమెరా నిలబడే ఉంటుంది. లెన్సులో సగం మూసి ఒకసారి, రెండో సగం మూసి ఇంకోసారి తీసే మాస్క్ పద్ధతిలో కూడా అంతే. రవికాంత్ నగాయిచ్ 1961లో సీతారామ కళ్యాణానికి చేసిన ట్రిక్కులదీ ఇదే కాలం. వాళ్ళ దగ్గర ట్రాకింగ్ పరికరం లేదు. కెమెరాను కదలకుండా బిగించడమే వాళ్ళ పరికరం.

కెమెరా కదిలినా రెండు బొమ్మలు అతకాలంటే ఎలా? 1977లో వచ్చిన స్టార్ వార్స్ కోసం అమెరికాలో జాన్ డిక్‌స్ట్రా బృందం డిక్‌స్ట్రాఫ్లెక్స్ అనే కెమెరా తయారుచేసింది. అది ఒకసారి కదిలిన దారిని గుర్తు పెట్టుకుని, ఎన్నిసార్లయినా సరిగ్గా అదే దారిలో కదులుతుంది. అయితే అది బొమ్మ ఓడల్ని తీయడానికి. మనిషి చేత్తో పట్టుకుని నడిచిన దారిని యంత్రం ముందే ఎలా గుర్తు పెట్టుకుంటుంది? అందుకే ఆలోచన తలకిందులైంది. ముందు ఇష్టం వచ్చినట్టు తీయి, కెమెరా ఎలా కదిలిందో తరువాత బొమ్మలోనే వెతుకు. 1993 నాటి జురాసిక్ పార్క్‌లో నటులు ఖాళీ మైదానంలో పరుగెత్తారు, కెమెరా వాళ్ళ వెంట కదిలింది. ఆ కదలికను తరువాత కంప్యూటర్‌లో పట్టుకుని డైనోసార్లను చేర్చారు. ఈ లెక్కను కంప్యూటరే చేసేలా ట్రాక్ అనే పద్ధతి తయారుచేసిన డగ్లస్ రోబుల్‌కు 1998 సంవత్సరపు ఆస్కార్ సాంకేతిక బహుమతుల్లో చోటు దక్కింది.

ఇదంతా చదివాక మా తప్పు తెలిసింది. మేము ఒకే ఒక్క గుర్తును ట్రాక్ చేశాం. ఒక్క గుర్తు పైకీ కిందికీ, పక్కకూ ఎంత జరిగిందో మాత్రమే చెబుతుంది. రెండు గుర్తులైతే ఎంత తిరిగింది, ఎంత పెద్దదైంది కూడా చెబుతాయి. మేము నడుస్తుంటే గోడ ఏటవాలుగా కనబడి, దూరపు కొస చిన్నదవుతుంది. దానికి ఈ రెండూ చాలవు. ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మేము గుర్తుగా ఎంచుకున్నది గోడ మీద పడిన వేపకొమ్మ నీడ. గాలి వీచింది, పేరు ఊగింది!

ఇక ఏది ఎంచుకోవాలి? ఒక దారి, గుర్తులన్నీ కలిపి కెమెరా మొత్తం దారిని కనిపెట్టడం. బ్లెండర్‌లో 2011 డిసెంబరు నుంచి ఆ సౌకర్యం ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. దానికి కనీసం 8 గుర్తులు కావాలి, దగ్గరివీ దూరంవీ కలిసి ఉంటే మంచిది. నడిచే బొమ్మనో డైనోసార్‌నో ముంగిట్లో నిలబెట్టాలంటే అదే దారి. మాది బల్లపరుపు గోడ. గోడకు సరిపోయేది ప్లేనార్ ట్రాకింగ్, అంటే చుక్కను కాకుండా పలకను వెంబడించడం. మోకా అనే సాఫ్ట్‌వేర్ దీనికి పేరుపొందింది, దాని తయారీదారులకు 2013లో ఆస్కార్ సాంకేతిక బహుమతి కూడా ఇచ్చారు. మేము బ్లెండర్‌లోనే ఉన్న ప్లేన్ ట్రాక్ తీసుకున్నాం. నాలుగు గుర్తులు చాలు.

కానీ సున్నం కొట్టిన గోడ మీద గుర్తు ఏముంటుంది? అంతా తెలుపే. నల్ల కాగితం చతురస్రాలు కత్తిరించి, అక్షరాలు వచ్చి మూసేసే చోట్లలోనే జిగురుతో అంటించి మళ్ళీ తీశాం. 12 సెకన్లు, 360 ఫ్రేములు. ఒకడు నా మోచెయ్యి తగిలించాడని రెండుసార్లు తీయాల్సి వచ్చింది.

తాత ప్రశ్నకు నా జవాబు చెప్పాను. "కెమెరా కదలకపోతే అది ఫోటోనే కదా తాతా, పాత ఫోటో మా దగ్గర ఉంది. చదివి పోయినవాళ్ళు గేటులోంచి నడిచి లోపలికి రావాలని మా ఆశ." ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి పేరు ఈదలేదు.

వార్షికోత్సవం రోజు ముందు వరుసలో పాత విద్యార్థులు కూర్చున్నారు. వీడియో అయ్యాక వాళ్ళలో ఒక పెద్దాయన మా తెలుగు టీచరమ్మను "పేరు మళ్ళీ ఎప్పుడు రాయించినారమ్మా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే లేచి, కర్ర ఊతంగా గేటు దాకా వెళ్ళి, గోడ చూసి వచ్చి కూర్చున్నాడు.