పదిహేనవ అంశం: కలూజా–క్లైన్ సిద్ధాంత చరిత్రలో అదిశ క్షేత్రం

అదనపు మితుల సహాయంతో ప్రకృతి బలాలను ఏకీకరించే ప్రయత్నం 1914లో ఆరంభమైంది. ఆ ఏడాది ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు గున్నార్ నార్డ్‌స్ట్రోమ్ తన గురుత్వ సిద్ధాంతాన్ని విద్యుదయస్కాంతత్వంతో ఐదు మితులలో కలిపాడు. మరుసటి ఏడాది ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం పూర్తికావడంతో నార్డ్‌స్ట్రోమ్ గురుత్వ సిద్ధాంతం నిలవలేదు. దానితోపాటు అతని పంచమితీయ రచన కూడా మరుగునపడింది.

1919లో కోనిగ్స్‌బర్గ్ గణితవేత్త థియొడోర్ కలూజా సాధారణ సాపేక్షతనే ఐదు మితులకు విస్తరించి, తన వ్యాసాన్ని ఐన్‌స్టైన్‌కు పంపాడు. పంచమితీయ మెట్రిక్ టెన్సర్‌కు 15 స్వతంత్ర అంశాలుంటాయి. వాటిలో 10 గురుత్వానికి, 4 విద్యుదయస్కాంత పొటెన్షియల్‌కు చెందుతాయి. మిగిలిన ఒక్కటి అదిశ క్షేత్రం. భౌతిక రాశులేవీ ఐదవ మితిపై ఆధారపడవని కలూజా నియమం విధించాడు. ఐన్‌స్టైన్ మొదట ఈ ఆలోచనను మెచ్చుకున్నా, తరువాత సందేహాలు వ్యక్తపరిచాడు. ఫలితంగా ఆ వ్యాసం 1921 డిసెంబరులో గాని ప్రష్యన్ అకాడమీ ముందుకు రాలేదు. ఎలక్ట్రాన్ విషయంలో అదిశ క్షేత్ర ప్రభావమే మిగిలినవాటిని మించిపోతుందన్న చిక్కును కలూజా అందులోనే అంగీకరించాడు.

1926లో స్వీడన్‌కు చెందిన ఓస్కార్ క్లైన్ ఐదవ మితిని అతిసూక్ష్మ వృత్తంగా భావించాడు. దాని పరిమాణం 10⁻³⁰ సెంటీమీటర్ల స్థాయిలో ఉంటుందని లెక్కించి, విద్యుదావేశం నిర్దిష్ట ప్రమాణాలలోనే ఎందుకు లభిస్తుందో ఆ వృత్తం ద్వారా వివరించాడు. అయితే అదిశ క్షేత్రాన్ని స్థిరాంకంగా తీసుకొని పక్కన పెట్టాడు.

ఈ సరళీకరణకు మూల్యం ఏమిటో 1940లలో పాస్కువల్ యోర్డాన్, ఈవ్ తిరీల పరిశోధనలతో స్పష్టమైంది. అదిశ క్షేత్రం స్థిరమైతే, పంచమితీయ సమీకరణాల ప్రకారం విద్యుత్, అయస్కాంత క్షేత్రాల పరిమాణాలు అంతటా సమానం కావాలి. నిశ్చల ఆవేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం మాత్రమే ఉంటుంది కనుక, ఆ సామాన్య స్థితికే సిద్ధాంతంలో చోటుండదు.

నిజానికి ఆ పదిహేనవ అంశం ఐదవ మితి పరిమాణాన్ని సూచిస్తుంది. 1981లో ఎడ్వర్డ్ విట్టెన్ బలమైన, బలహీన, విద్యుదయస్కాంత బలాల సౌష్ఠవాలకు కనీసం 7 అదనపు మితులు అవసరమని చూపాడు. మితులు పెరిగేకొద్దీ ఇటువంటి అదిశ క్షేత్రాలూ పెరిగాయి. వాటిని స్థిరపరచడం స్ట్రింగ్ సిద్ధాంతంలో ఒక ప్రధాన సమస్యగా పరిణమించింది. అదనపు మితులకు ప్రయోగాత్మక ఆధారం నేటికీ లభించలేదు. కాబట్టి ఏకీకరణ చరిత్రను పరిశీలించేవారు ఏయే బలాలు కలిశాయన్న దానితోపాటు, కలిపేందుకు ఏ అంశాన్ని పక్కన పెట్టవలసి వచ్చిందో కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.